రెండో తరగతి పిల్లకు 1,800 రూపాయల టూర్: పంపాల్నా, వద్దా?

ఉప్పల్ నాన్న:
మా పాప రెండో తరగతి. మొన్న డైరీల ఒక కాగితం అంటించి పంపిన్రు. "ఎక్స్‌పీరియెన్షియల్ లర్నింగ్ ట్రిప్" అట. ఊరి బయట ఒక ఫామ్ రిసార్టు. ఆవు పాలు పిండుడు, కుండ చేసుడు, ట్రాక్టర్ ఎక్కుడు, ఆఖరికి రెయిన్ డ్యాన్స్. పొద్దున ఆరున్నరకు బస్సు, రాత్రి ఏడింటికి వాపస్. 1,800 రూపాయలు, సోమవారం లోపట కట్టాలె.

పైసల సంగతి పక్కన పెడత. పోయినేడు జూపార్కుకు తీస్కపోయిన్రు. ఏం చూసినవ్ బిడ్డా అంటే బస్సుల పాడిన పాట చెప్పింది, పక్క పిల్ల తెచ్చిన చిప్స్ ప్యాకెట్ చెప్పింది. ఏనుగును చూడలేదా అంటే "లైన్ల ఉన్నం కద డాడీ" అన్నది.

ఇంకోటి. చేసి నేర్చుకునుడు అని ఇంటికి ప్రాజెక్టులు పంపుతరు. పోయిన నెల థర్మాకోల్‌తోని సౌర కుటుంబం. రాత్రి పదకొండు దాక నేనే చేసిన, శనిగ్రహం చుట్టు వలయానికి పాత సీడీ కోసిన. పిల్ల ఎప్పుడో నిద్రపోయింది. తెల్లారి దానికి స్టార్ వచ్చింది. న్యాయంగ ఆ స్టార్ నాది.

ఏడేండ్ల పిల్లకు ఇవన్ని నిజంగ పనికొస్తయా? పంపినోళ్ళు, పంపనోళ్ళు ఇద్దరూ చెప్పున్రి.

తెనాలి అమ్మమ్మ:
పంపొద్దు బాబూ. 2024 జనవరిలో వడోదరలో హరణి చెరువు దగ్గర ఏమైందో మర్చిపోయారా? పిక్నిక్‌కి తీసుకెళ్ళిన బడిపిల్లలు 12 మంది, ఇద్దరు టీచర్లు పోయారు. పడవలో పట్టేవాళ్ళ కంటే ఎక్కువమందిని ఎక్కించారు, చాలామంది ఒంటిమీద లైఫ్ జాకెట్ లేదు. ఆ పిల్లల్నీ పొద్దున్నే తల దువ్వి, డబ్బా కట్టి పంపినవాళ్ళే కదా. మా మనవడి బడిలో టూర్ అంటే ఆ రోజు వాడికి జ్వరమని చెప్పిస్తాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

బీచ్ రోడ్డు:
అమ్మమ్మ గారూ, మీ భయం అర్థమైంది. కానీ అక్కడ తప్పు పడవది, ఎక్కించినవాళ్ళది. చిన్నపిల్లల టూర్‌లో చెరువు, నది, వాటర్ పార్కు ఉండకూడదని గట్టిగా అడుగుదాం. అంతేగానీ బయటికే వద్దంటే ఎలా?

నేను ఐదో తరగతిలో ఉండగా మమ్మల్ని విశాఖ బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామి చూపించడానికి తీసుకెళ్ళారు. నేవీ దాన్ని 2001లో పక్కన పెట్టాక ఒడ్డుకు లాగి, 2002లో మ్యూజియం చేశారు. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటుకుంటూ పోవాలి. ఒరిగితే భుజానికి ఏదో ఒక గొట్టం తగులుతుంది. ఇంతమంది ఇందులో ఎలా పడుకునేవాళ్ళు, స్నానం ఎక్కడ అని ఇంటికొచ్చాక వారం రోజులు మా నాన్నని తినేశాను. పుస్తకంలో బొమ్మ చూస్తే ఆ ప్రశ్న పుట్టేది కాదు.

రెండు గదుల బడి:
మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. ఇద్దరం టీచర్లం, 41 మంది పిల్లలు. బస్సు మాట దేవుడెరుగు, ఒకరం సెలవు పెడితే ఇంకొకరం గుమ్మం దాటలేం. అయినా పిల్లల్ని బయటికి తీసుకెళ్తాను. ఒకటి చెప్తా వినండి.

మూడో తరగతిలో బరువుల పాఠం. అరకిలో అంటే 500 గ్రాములని బోర్డు మీద రాశాను, అందరూ గడగడా ఒప్పజెప్పారు. మర్నాడు "కిలో ఉల్లిపాయలు బరువా, కిలో బొరుగులు బరువా?" అని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో ఉల్లిపాయలే అన్నారు. అంటే నేను చెప్పిందంతా నోటికొచ్చింది గానీ లోపలికి పోలేదన్నమాట.

బడికి ఐదు నిమిషాల నడకలో చిల్లర కొట్టు ఉంది. ముందురోజే కొట్టాయనతో మాట్లాడి, బేరాలు పల్చగా ఉండే పదకొండు గంటల టైం అడిగాను. ఎలక్ట్రానిక్ కాటా వద్దు, పాత తక్కెడ ఉంటే తీయమన్నాను. అటక మీంచి దించి తుడిచి పెట్టాడు. పన్నెండు మంది పిల్లలు, ఒక్కొక్కరి చేతిలో పలక. ఏ పళ్ళెం కిందికి పోతుందో ముందే రాసుకోమన్నాను.

ఒకవైపు కిలో రాయి. రెండోవైపు బొరుగులు పోస్తున్నాం, పోస్తున్నాం. పళ్ళెం చాలక సంచిలో పోసి ఆ సంచే పెట్టాం. తక్కెడ కదలదు. ఒకడు "కాటా పాడైపోయింది టీచర్" అన్నాడు. సంచి ఇంతెత్తు అయ్యాక మెల్లగా దిగింది. ఇక రాయి తీసేసి ఆ వైపు ఉల్లిపాయలు పెట్టాం. దండె సమానంగా నిలబడింది. ఎవ్వరూ మాట్లాడలేదు.

ఒక పిల్ల మాత్రం ఒప్పుకోలేదు. ఒక చేత్తో ఉల్లిపాయల సంచి, ఇంకో చేత్తో బొరుగుల సంచి ఎత్తి చూసి, "ఉల్లిపాయలే బరువు, తక్కెడ అబద్ధం చెప్తోంది" అంది. నేనూ ఎత్తి చూశాను. నిజం, నాకూ అలాగే అనిపించింది! తర్వాత తెలుసుకున్నాను: రెండు వస్తువులు ఒకే బరువున్నా, చిన్నదే బరువని మన చేతులకి అనిపిస్తుందట, పెద్దవాళ్ళక్కూడా. పదిహేడేళ్ళుగా బరువుల పాఠం చెప్తున్నాను, ఆ పిల్ల అనేదాకా నాకు తెలియదు.

ఖర్చు సున్నా. పైగా కొట్టాయన తలా గుప్పెడు బొరుగులు పెట్టాడు.

అన్నీ ఇలా కుదురుతాయని కాదు. తర్వాతి నెల పోస్టాఫీసుకని 41 మందినీ ఒకేసారి తీసుకెళ్ళాం. ముందు చెప్పి ఉంచలేదు. తలుపు తాళం. ఎండలో నడిచి, నడిచి వచ్చాం. ఆ తప్పు నాదే.

చాక్‌పీస్:
మేడం, కొట్టు సంగతి బాగుంది. పన్నెండు మందితో మీరు చేశారు. నేను హైదరాబాద్‌లో ప్రైవేటు స్కూల్లో చెప్తాను, ఇక్కడి లెక్క వేరు.

పోయినేడు మేము ఇలాంటి ఫామ్‌కే 120 మందిని తీసుకెళ్ళాం. కుమ్మరి సారె ఒకటే. పిల్లకి అర నిమిషం ఇచ్చినా అందరికీ గంట పడుతుంది. కాబట్టి ఏం జరిగిందంటే, సారె తిప్పింది ఆయన, మట్టి పట్టింది ఆయన, మధ్యలో పిల్ల చెయ్యి పెట్టింది, ఫోటో తీశాం, తర్వాతి పిల్ల. ఆవు కూడా ఒకటే. పదిహేనో పిల్ల దగ్గర అది కాలు విసిరింది, అంతటితో పాలు పిండే కార్యక్రమం ముగిసింది. ఫోటోలు మాత్రం అడ్మిషన్ల పాంప్లెట్‌లో వేశారు.

టీచర్లుగా మేం చేసేది తలలు లెక్కపెట్టడం. ఎక్కేటప్పుడు లెక్క, దిగేటప్పుడు లెక్క, బాత్రూం దగ్గర లెక్క. మధ్యలో వాంతులు. ఎవరికీ ఏమీ నేర్పే వీలే ఉండదు.

ఇంకో మాట, కోప్పడకండి. విద్యా హక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన. ఊళ్ళల్లో ఐదో తరగతి పిల్లల్లో సగం మందికి పైగా రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువు పరీక్షించే అసర్ సర్వే 2022లోనూ, 2024లోనూ చెప్పింది. చదవడమే రాని పిల్లకి టూర్ ఎందుకు? 2020 జాతీయ విద్యావిధానం చెప్పిన, పుస్తకాల సంచి లేకుండా పనులు నేర్చుకునే పది రోజులు కూడా 6 నుంచి 8 తరగతుల వాళ్ళకే.

రెండు గదుల బడి:
ఆ విధానమే అన్ని దశల్లోనూ అనుభవంతో నేర్పమని కూడా అంది కదండీ. చదవడం రానివాళ్ళ గురించి మీరన్నది మాత్రం కాదనలేను, మా బడిలోనూ ఉన్నారు. కానీ ఆ రోజు కొట్టు నుంచి వచ్చాక, ఎప్పుడూ ఒక్క ముక్క రాయని పిల్లాడు పలక మీద "బొరుగులు కిలో పెద్ద సంచి" అని రాశాడు. తప్పులున్నాయి, చదవగలిగాను. రాయడానికి వాడి దగ్గర ఒక సంగతి ఉంది కాబట్టి రాశాడు.

డల్లాస్ ఆవకాయ:
ఇక్కడ మా వాడి స్కూల్లో ట్రిప్‌కి తల్లిదండ్రుల్ని తోడు రమ్మంటారు. నేనూ వెళ్ళాను. నాకు ఐదుగురు పిల్లల్ని అప్పజెప్పారు, వాళ్ళు నా బాధ్యత. ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం, చూసింది గీయాలి.

చాక్‌పీస్:
మా దగ్గర తల్లిదండ్రులు వస్తే గేటు బయటి నుంచే చెయ్యి ఊపమంటారు. వాళ్ళు చూస్తే ఆవు సంగతి బయటపడుతుంది కదా.

ఎడమగట్టు:
అందరూ సేఫ్టీ గురించి, చదువు గురించి మాట్లాడుతున్రు. పోలేని పిల్లగాని గురించి ఎవ్వరూ అంటలేరు. నేను చెప్త.

మాది మిర్యాలగూడ దిక్కు. నాలుగో తరగతిల నాగార్జునసాగర్ టూర్ పెట్టిన్రు. 40 రూపాయలు. మా నాయన దగ్గర లేవు, ఉన్నా ఇయ్యడు. క్లాసుల ఆరుగురం మిగిలినం. ఆ రోజు బడికి రమ్మన్నరు, హాజరు వేసి మూలకు కూసోబెట్టిన్రు.

అసలు కథ తెల్లారి. తెలుగు సారు వచ్చి "మా విహారయాత్ర" అని వ్యాసం రాయమన్నడు. అందరూ రాయాలె, మేం ఆరుగురం కూడ. పోలేదు సార్ అంటే నవ్వుతరని భయం. రాసిన. లాంచీ ఎక్కి నాగార్జునకొండ పోయినం, మ్యూజియంల బుద్ధుని బొమ్మలు చూసినం, ఎత్తిపోతల కాడ మొసళ్ళు చూసినం అని, మా మామ చెప్పిన ముచ్చట్లన్నీ కలిపి రెండు పేజీలు నింపిన. సారు నా వ్యాసమే బాగున్నదని క్లాసుల గట్టిగ చదివిండు. పోయొచ్చినోళ్ళు ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు. ఆ రోజు లాంచీ నడవలేదంట, వాళ్ళెవరూ కొండకు పోనేలేదు. ఒక్కడు కూడ సారుకు చెప్పలే. ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఉప్పల్ అన్నా, నువ్వు పైసల సంగతి పక్కన పెడత అన్నవ్ సూడు, అది అందరికీ పక్కన పెట్టొచ్చేది కాదు. మీ పాప క్లాసుల ఎంతమంది కడతలేరో ఒకసారి కనుక్కో.

తెనాలి అమ్మమ్మ:
నాయనా, ఆ సారు కనపడితే చెవి మెలిపెట్టేదాన్ని.

బీచ్ రోడ్డు:
గోల్కొండ సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటా. హైదరాబాద్ వాళ్ళకి ఇంటి పక్కనే ఉంది. కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. కానీ స్కూలు గుంపు వస్తే వందమందీ ఒకేసారి చప్పట్లు కొడతారు, పైన వినడానికి ఎవరూ ఉండరు. సగం మందిని పైన నిలబెట్టి వంతులవారీగా కొట్టిస్తే అది ప్రయోగం. లేకపోతే వంద మంది చప్పట్లు. ఏడేళ్ళవాళ్ళని పైదాకా ఎక్కించకండి, ఆ మెట్లకి పెద్దవాళ్ళే కూలబడతారు.

ఉప్పల్ నాన్న:
అందరికీ థ్యాంక్స్. నిన్న స్కూలుకు పోయి మూడు అడిగిన. నీళ్ళ కాడికి పోతరా అంటే పోరన్నరు, రెయిన్ డ్యాన్స్ అంటే పైపుల నీళ్ళే అట. ఎంతమంది పెద్దోళ్ళు వస్తరు అంటే పది మంది పిల్లలకు ఒకరు అన్నరు, రాసియ్యమంటే ఇచ్చిన్రు. అక్కడ పిల్లలు ఏం నేర్చుకుంటరు అంటే మాత్రం మేడం కొద్దిసేపు ఆలోచించి "ఎంజాయ్ చేస్తారండీ" అన్నది. అబద్ధం చెప్పనందుకు మంచిగనే అనిపించింది.

ఎడమగట్టు తమ్మీ, కనుక్కున్న. నలుగురు కడతలేరు. వాళ్ళకు ఆ రోజు సెలవు ఇస్తరా, బడిల కూసోబెడతరా అంటే ఇంక నిర్ణయించలేదన్నరు. వాట్సాప్ గ్రూపుల పెట్టిన, వాళ్ళ పైసలు మనం తలా ఇంత ఏసుకుందామా అని, పేర్లు బయటికి రాకుండ. ముగ్గురే రిప్లై ఇచ్చిన్రు ఇప్పటిదాక.

మా పాపకైతే కట్టేసిన. దాని దోస్తు పక్క సీటు ఆపి పెట్టిందట, ఇగ నా మాట ఏం నడుస్తది.

టీచర్ గారూ, ఈ ఐతారం ఇంట్ల మీ తక్కెడ ఆట ఆడుతం. బొరుగులంటే మా దిక్కు మురమురాలే కద?

రెండు గదుల బడి:
అవేనండి. సంచి మాత్రం పెద్దది తీసుకెళ్ళండి. తూచకముందే ఏది బరువో పాపతో రాయించడం మర్చిపోకండి, మీరు కూడా రాయండి.