పాత ఫొటోలో కొట్టు బోర్డు మీది పేరు చదవడం ఎలా?

చిన్నప్పటి మా కాలనీ కొట్లను వరస ప్రకారం గుర్తు చేసుకుంటూ నేనూ అక్కా కాగితం మీద గీస్తున్నాం. మూల మీది సైకిల్ షాపు పేరు దగ్గర ఆగిపోయాం. ఆ పేరు లేకుండా బొమ్మ పూర్తి చేయడానికి మనసొప్పడం లేదు.

గూగుల్ ఎర్త్ ప్రోలో పాత శాటిలైట్ చిత్రాలు చూశాను, పైకప్పులే కనిపించాయి. వీధిలోంచి తీసిన ఫొటోలు చూపించే గూగుల్ స్ట్రీట్ వ్యూ మొదలైందే 2007లో, అప్పటికి ఆ కొట్లు లేవు.

మిగిలింది ఒకే ఫొటో, 4×6 అంగుళాల ప్రింటు. అక్క సైకిలు పట్టుకుని నిలబడింది, ఆమె భుజం వెనక బోర్డు. మొదటి అక్షరం తలకట్టు, చివర్లో ఒక సున్నా మాత్రం తెలుస్తున్నాయి. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), తర్వాత 1200లో స్కాన్ చేశాను. ఫైలు పెరిగింది గానీ అక్షరాలు అంతే మసక. ఏఐ యాప్‌లో పెడితే రెండుసార్లకీ రెండు వేర్వేరు పేర్లు చూపించింది, అంటే అది ఊహించి రాస్తోంది.

అదృష్టం కొద్దీ ఆ ఫొటో 35 ఎంఎం ఫిల్మ్ నెగెటివ్ దొరికింది, గీతలు కూడా లేవు. నా స్కానర్‌లో ఫిల్మ్ పెట్టే వీలు లేదు. నెగెటివ్‌ను ఒక ఫోన్ తెల్ల స్క్రీన్ మీద ఆనించి ఇంకో ఫోన్‌తో తీస్తే స్క్రీన్ చుక్కలే పడ్డాయి.

ప్రింటులో కనిపించని అక్షరాలు నెగెటివ్‌లోంచి రాబట్టాలంటే దాన్ని దేనితో, ఎన్ని డీపీఐలో స్కాన్ చేయించాలి?