జాజ్ బేస్‌లో హమ్: ప్రీయాంప్ పెట్టాలా, పికప్‌లు మార్చాలా?

ప్రశ్న: నా జాజ్ బేస్‌లో (రెండు పికప్‌లు, అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు, ఉన్న బేస్ గిటార్) రెండు పికప్‌ల వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిచినప్పుడు లేని హమ్ (గుయ్‌మనే శబ్దం), ఒకదాన్ని తగ్గించగానే వినిపిస్తోంది. 9 వోల్టుల ప్రీయాంప్ (సంకేతాన్ని పెంచే చిన్న సర్క్యూట్) అమరిస్తే పోతుందా?

మొదటి జవాబు: పోదండి. ప్రీయాంప్ పికప్‌ల తరువాతి దశ కాబట్టి హమ్‌ను కూడా స్వరంతో పాటే పెంచుతుంది. రెండు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌ల చుట్లూ, అయస్కాంత ధ్రువాలూ పరస్పరం వ్యతిరేకంగా ఉండడం వల్ల, రెండూ సమాన స్థాయిలో ఉన్నప్పుడే హమ్ రద్దవుతుంది. అదే ఆకారంలో, లోపల రెండు కాయిళ్లతో వచ్చి, ఒక్కొక్కటీ తనంతట తానే హమ్‌ను రద్దు చేసే పికప్‌లు తీసుకోండి.

రెండవ జవాబు: కొనేముందు కొలవండి. బ్రిడ్జ్ (గిటార్ ఒంటిపై తీగలు ఆనే భాగం) వైపు పికప్ సాధారణంగా కాస్త పొడవు. అది మరచి నేను ఒకే కొలతవి రెండు తెప్పించుకున్నాను!

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలు. ఇప్పుడున్న 250 కిలో ఓమ్‌ల పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే, తిప్పి మార్చగల రెసిస్టర్లు) ఉంచవచ్చా?

మొదటి జవాబుదారు: ఉంచండి. 500 పెడితే ధ్వని మరింత పదునెక్కుతుంది, అది మీ అభిరుచి.