ఒట్టావాకి కొత్తగా వచ్చాం: సెన్స్ (సెనేటర్స్ ఐస్ హాకీ జట్టు) సీజన్ టికెట్లు కొనాలా, లెబ్రెటన్‌లో కాండో కొనాలా?

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మాది గుంటూరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఈమధ్యే పీఆర్ మీద ఒట్టావా వచ్చాం, నేనూ మా ఆవిడా బాబూ. ఆఫీసు ఊరికి పడమటి వైపు కనాటా నార్త్‌లో. రెండు విషయాల్లో మీ సలహా కావాలి. మా టీమ్‌లో కొందరు కలిసి సెనేటర్స్ హాకీ సీజన్ టికెట్లు పంచుకుంటారట, నన్నూ ఒక వాటా తీసుకోమంటున్నారు. ఇంకొకాయనేమో ఆ టీమ్‌ని నమ్మొద్దు, ఒకసారి దివాలా తీసింది, స్టేడియం ఊరికి దూరం, జనం రారు, ఎప్పుడైనా వేరే ఊరికి వెళ్ళిపోవచ్చు అంటున్నారు. రెండోది, ఇళ్ళు చూపిస్తున్న ఏజెంట్ "లెబ్రెటన్‌లో కొత్త అరీనా వస్తోంది, ఇప్పుడే అక్కడ కాండో కొనేయండి" అని ఒకటే పోరు. నాకు క్రికెట్ తప్ప ఏ ఆటా తెలీదు. కాస్త వివరంగా చెప్పగలరు.

జవాబు (కనాటా నుంచి)

తమ్ముడూ, స్వాగతం. ముందు సూటిగా చెప్పేస్తాను. టీమ్ ఎక్కడికీ పోదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి. వాటా మాత్రం ఈ ఏడాది తీసుకోకండి. అరీనాని చూసి కాండో అసలే కొనకండి. ఎందుకో తెలియాలంటే ఈ ఊరి భూగోళం, పాత కథ రెండూ తెలియాలి.

మీరు హైదరాబాద్ నుంచి వచ్చారు కాబట్టి ఇలా చెబితే వెంటనే అర్థమవుతుంది. గచ్చిబౌలిలో ఆఫీసు, ఉప్పల్ స్టేడియంలో సాయంత్రం మ్యాచ్. మెట్రో లేని రోజుల్లో పనిదినాన ఆ మ్యాచ్‌కి వెళ్ళాలంటే ఎంత ఓపిక కావాలో మీకు తెలుసు. ఇక్కడ దిక్కులు మారాయి, అంతే. ఉద్యోగాల్లో సింహభాగం పార్లమెంటు చుట్టూ, అరీనా ఊరికి పడమటి చివర, అక్కడినుంచి దాదాపు 25 కిలోమీటర్లు. మధ్యలో ఉన్నది 417 హైవే ఒక్కటే. జనవరిలో మంచు కురుస్తుంటే సాయంత్రం ఐదున్నరకి క్వీన్స్‌వే (ఊళ్ళో 417కి ఉన్న పేరు) మీద కార్లు ఎలా పాకుతాయో ఈ చలికాలంలో మీరే చూస్తారు. ఇక్కడి సిటీ రైలు ఓ-ట్రెయిన్ అరీనా దాకా రాదు. పడమటి వైపు పొడిగింపు కూడా మూడీ డ్రైవ్ దాకానే, కనాటా వరకు కాదు.

మరి అంత దూరంలో ఎందుకు కట్టారు? 1990లో ఇక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఒట్టావాకి టీమ్ ఇచ్చింది. ప్రవేశ రుసుమే 5 కోట్ల అమెరికన్ డాలర్లు. టీమ్ తెచ్చిన బ్రూస్ ఫైర్‌స్టోన్ రియల్ ఎస్టేట్ మనిషి. కనాటా పక్కన పొలాలు చవగ్గా కొని, అరీనా కట్టి, దాని చుట్టూ చిన్న పట్టణమే లేపితే, పెరిగిన భూమి విలువతో ఖర్చు రాబట్టుకోవచ్చని ఆయన లెక్క. మన దగ్గర ఇలాంటి లెక్కలు ఎన్ని చూడలేదు! కానీ సాగుభూమి పోతుందని అభ్యంతరాలొచ్చి, వ్యవహారం ఒంటారియో మునిసిపల్ బోర్డు దాకా వెళ్ళింది. 1991లో అనుమతి వచ్చింది గానీ షరతులతో. సీట్లు 22,500 నుంచి 18,500కి తగ్గాయి. హైవే నుంచి అరీనాకి దిగే ఇంటర్‌ఛేంజి ఖర్చు టీమ్ యజమానుల మీదే పడింది. చుట్టూ కడదామనుకున్న పట్టణానికి మాత్రం అనుమతి రాలేదు.

ఆ ఒక్క తీర్పు ప్రభావం ఈరోజుకీ కనిపిస్తుంది. మ్యాచ్ అయ్యాక బయటికొస్తే కనిపించేది వేల కార్ల పార్కింగ్. నడిచి వెళ్ళేంత దూరంలో ఓ వీధి, నాలుగు హోటళ్ళు, టీ తాగే చోటు లేవు. అందరూ ఒకేసారి ఇంజిన్ ఆన్ చేసి, అద్దాల మీద మంచు గీక్కుంటూ, ఒకే దారివైపు తిరుగుతారు. ఓడిన రోజు ఆ క్యూలో కూర్చుంటే మళ్ళీ రావాలనిపించదు, నిజం.

అరీనా 1996 జనవరిలో తెరిచారు. అప్పటిదాకా ఊరి మధ్యలో ల్యాన్స్‌డౌన్ దగ్గర పదివేల సీట్ల సివిక్ సెంటర్‌లో ఆడారు. పేరు పలేడియం, తర్వాత కోరెల్ సెంటర్, స్కోషాబ్యాంక్ ప్లేస్, 2013 నుంచి కెనేడియన్ టైర్ సెంటర్. పాతవాళ్ళు ఏ పేరు వాడినా కంగారుపడకండి, అన్నీ ఒకటే.

దివాలా మాట నిజమే, 2003 జనవరిలో. ఆ సీజన్లో జట్టు లీగ్ మొత్తంలోనే మొదటి స్థానంలో నిలిచింది. అంటే ఆట బాగుంది, లెక్కలే బాగాలేవు. అరీనా కట్టిన అప్పు, దానికి తోడు ఆటగాళ్ళ జీతాలు అమెరికన్ డాలర్లలో, టికెట్ల రాబడి అప్పట్లో బాగా పడిపోయిన కెనడా డాలర్లలో. ఆ ఏడాదే యూజీన్ మెల్నిక్ కొన్నారు. 2007లో లీగ్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్ళి అనహైమ్ చేతిలో ఓడిపోయారు.

నన్ను బాధపెట్టేది ఆ తర్వాతి కాలం. 2017 వసంతంలో జట్టు కప్ ఫైనల్‌కి ఒక్క గోల్ దూరంలో ఆగిపోయింది. పిట్స్‌బర్గ్‌తో సిరీస్‌లో ఆఖరిదైన ఏడో మ్యాచ్, స్కోరు సమమై అదనపు సమయానికి వెళ్ళి, రెండో ఓవర్‌టైమ్‌లో ఓటమి. అదే ఏడాది శరదృతువులో కొత్త సీజన్ మొదలయ్యేసరికి పైఅంతస్తులో సుమారు 1,500 సీట్లకి గుడ్డ కప్పేశారు, అమ్ముడుపోవని. అంత దగ్గరగా వెళ్ళిన జట్టు ఇంటి మైదానంలో కప్పేసిన సీట్లు! మూడేళ్ళు తిరక్కుండా, 2019-20లో, సగటు హాజరు 13 వేలు కూడా దాటలేదు.

అప్పుడే టీవీల్లో "ఒట్టావా హాకీ ఊరు కాదు" అనడం మొదలుపెట్టారు. ఈ మాట మీ ఆఫీసులోనూ వినిపిస్తుంది. దయచేసి నమ్మకండి. 1934లో పాత సెనేటర్స్ జట్టు ఊరు వదిలిపోయాక 1992 దాకా ఇక్కడ ఎన్‌హెచ్‌ఎల్ లేదు. దాదాపు అరవై ఏళ్ళు. ఆ కాలంలో పెరిగినవాళ్ళు టొరంటోనో మాంట్రియల్‌నో అభిమానించారు, పిల్లలకీ అదే అలవాటు చేశారు. అందుకే టొరంటో జట్టు లీఫ్స్ వచ్చిన శనివారం సగం అరీనా నీలం జెర్సీలే. పైగా ఇది ప్రభుత్వ ఉద్యోగుల ఊరు. వేరే నగరాల్లో పెద్ద కంపెనీలు అరీనాలో ప్రత్యేక గదుల్లాంటి బాక్సులు కొని క్లయింట్లని తీసుకెళ్తాయి. ఇక్కడి అతి పెద్ద యజమాని ఫెడరల్ ప్రభుత్వం, అది బాక్సులు కొనదు, ఉద్యోగులు బహుమతిగా టికెట్లు తీసుకోవడానికీ నిబంధనలు అడ్డు. అంటే సీట్లు నిండాలంటే జీతగాళ్ళే సొంత జేబులోంచి కొనాలి, పనయ్యాక ఊరి ఆ చివరకి కారేసుకుని పోవాలి, పార్కింగ్ కట్టాలి, రాత్రి పదిన్నరకి బయల్దేరి పిల్లల్ని ఇంట్లో పడుకోబెట్టాలి. సీజన్‌కి నలభైకి పైగా ఇంటి మ్యాచ్‌లు. ఇవన్నీ దాటుకుని వచ్చినవాళ్ళని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

లెబ్రెటన్ విషయానికొస్తే, అది పార్లమెంటుకి పడమరగా నడిచి వెళ్ళేంత దగ్గర. 1962లో అక్కడి శ్రామికుల ఇళ్ళన్నీ ప్రభుత్వం స్వాధీనం చేసుకుని కూల్చేసింది, తర్వాత దశాబ్దాలపాటు చాలాభాగం ఖాళీగా పడుంది. 2016లో జాతీయ రాజధాని కమిషన్ అక్కడ అరీనా ఉన్న ప్రణాళికనే ఎంచుకుంది. అందరం సంబరపడ్డాం. కానీ ఆ ప్రణాళిక భాగస్వాములు ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కారు, 2019లో అంతా రద్దయింది. 2022లో మళ్ళీ మొదలైంది, 2024 సెప్టెంబరులో టీమ్‌కీ కమిషన్‌కీ స్థలం మీద సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది. ఆ ప్రాంతంలో పిమిసీ రైలు స్టేషన్ 2019 నుంచే ఉంది. ఈసారి అవుతుందని నాకు గట్టి నమ్మకం, కావాలని కోరిక కూడా. అయినా మట్టి శుద్ధి చేయాలి, డబ్బు సమకూరాలి, కట్టాలి. మీ ఏజెంటు చెప్పినట్టు రేపో మాపో కాదు. మీ ఆఫీసు కనాటా నార్త్‌లో, బాబు చిన్నవాడు. ముందు ఆఫీసుకీ డేకేర్‌కీ దగ్గర్లో అద్దెకి దిగండి. కొనడం సంగతి ఒక చలికాలం గడిచాక చూసుకోవచ్చు.

జవాబు (ఓర్లియన్స్ నుంచి)

పైన అన్నయ్యగారు చెప్పినవాటితో చాలావరకు ఏకీభవిస్తాను. మేముండేది తూర్పు చివర కాబట్టి మాకు అరీనా దాదాపు 40 కిలోమీటర్లు, ఆ బాధ మాకింకా ఎక్కువ. కానీ తప్పంతా దూరం మీదే వేస్తే కుదరదండీ. 2007లో అదే హైవే, అదే పార్కింగ్, అయినా అరీనా నిండింది. జనం రావడం మానింది నమ్మకం పోయాక. 2017 డిసెంబరులో, ల్యాన్స్‌డౌన్‌లో ఆరుబయట మ్యాచ్ జరగబోయే ముందు, అవసరమైతే టీమ్‌ని తరలిస్తామన్న అర్థం వచ్చేలా యజమాని మెల్నిక్ మాట్లాడారు. అభిమానులు చందాలు వేసుకుని ఆయన తప్పుకోవాలని ఊళ్ళో హోర్డింగులు పెట్టారు. ఏడాది తిరగకముందే జట్టు స్టార్ ఆటగాళ్ళలో కార్ల్‌సన్‌ని, ఆ తర్వాత స్టోన్‌ని వేరే జట్లకి పంపేశారు. పిల్లలు ఏ ఆటగాడి జెర్సీ కొనమంటే ఆ ఆటగాడు వెళ్ళిపోయేవాడు. అలాంటప్పుడు ఇంటి పక్కన అరీనా ఉన్నా ఎవరెళ్తారు?

ఇదే లీగ్‌లోని ఫ్లోరిడా పాంథర్స్‌ని చూడండి. వాళ్ళ అరీనా సన్‌రైజ్‌లో, మయామీకి దూరంగా, ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల అంచున. ఏళ్ళ తరబడి ఖాళీ సీట్లే. 2024లో, 2025లో వరసగా కప్పు గెలిచారు. అరీనా అక్కడే ఉంది, జనం మాత్రం వచ్చారు. మనకీ కాలం మారింది. 2023లో మైకేల్ ఆండ్‌లౌర్ సుమారు 95 కోట్ల అమెరికన్ డాలర్లకి టీమ్ కొన్నారు. 2025లో, 2017 తర్వాత మొదటిసారి, ప్లేఆఫ్స్‌కి వెళ్ళాం. టొరంటో చేతిలో ఆరు మ్యాచ్‌ల్లో ఓడినా ఆ రెండు వారాలు ఊరంతా ఎర్ర జెర్సీలే.

జవాబు (కనాటా నుంచి, మళ్ళీ)

మీరన్నది నిజం, నమ్మకం గురించి నేను రాయాల్సింది. గెలిస్తే దూరమైనా వస్తారు. ఓడుతున్న ఏళ్ళలో మాత్రం దూరం ప్రాణం తీస్తుంది. ఇదే లీగ్‌లో ఆడిన ఆరిజోనా జట్టు సంగతే చూడండి. 2003 చివర్లో వాళ్ళు ఫీనిక్స్ నడిబొడ్డు నుంచి గ్లెండేల్‌కి, అంటే పడమటి వైపుకి మారారు. డబ్బున్న అభిమానులుండేది తూర్పున, స్కాట్స్‌డేల్, టెంపీ వైపు. 2009లో దివాలా, ఆ తర్వాత లీగే టీమ్‌ని కొని నడిపించాల్సి వచ్చింది. 2022లో గ్లెండేల్ నుంచి బయటికొచ్చి, విశ్వవిద్యాలయం వాళ్ళ ఐదువేల లోపు సీట్ల అరీనాలో ఆడారు. 2023 మేలో టెంపీ ఓటర్లు కొత్త అరీనా వద్దన్నారు. మరుసటి ఏడాదే జట్టు సాల్ట్ లేక్ సిటీకి వెళ్ళిపోయింది. తమ్ముడూ, టీమ్ పోవడమంటే అలా ఉంటుంది. ఇక్కడ అరీనా టీమ్‌దే, యజమాని డబ్బు పెడుతున్నారు, కొత్త స్థలం మాట నడుస్తోంది. అందుకే పోదని అంత ధీమాగా చెప్పాను.

జవాబు (స్టిట్స్‌విల్ నుంచి)

చరిత్ర వాళ్ళు చెప్పారు, ఇంటి సంగతులు నేను చెబుతాను. మొదటి మ్యాచ్‌కి టొరంటో, మాంట్రియల్ వచ్చే రోజు ఎంచుకోకండి, టికెట్ల ధర చుక్కల్లో ఉంటుంది. మంగళ, బుధవారాల్లో దూరపు జట్టేదైనా వచ్చినప్పుడు పైఅంతస్తులో, అంటే 300 సెక్షన్‌లో తీసుకోండి. ఆట రాని వాళ్ళకి పైనుంచే బాగా అర్థమవుతుంది, ఎవరు ఎటు పరిగెత్తుతున్నారో మొత్తం కనిపిస్తుంది. పనిరోజుల్లో జనం కాస్త పలచగా ఉన్నప్పుడు స్కేట్లు మంచుని కోసే చప్పుడు, పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) చుట్టూ ఉండే బోర్డులకి తగిలే దెబ్బ పైదాకా వినిపిస్తాయి. మా పిల్లలకి హాకీ పిచ్చి పట్టింది ఆ చప్పుడుతోనే.

బాబుకి చెవుల మీద పెట్టే ఇయర్ మఫ్స్ తప్పకుండా తీసుకెళ్ళండి. గోల్ కొడితే హారన్ గట్టిగా మోగుతుంది, చిన్నపిల్లలు జడుసుకుంటారు. లోపల కూడా చలిగానే ఉంటుంది, స్వెట్టర్ తీయకండి. శాకాహారులైతే పూటీన్ (చీజ్, గ్రేవీ వేసిన ఫ్రైస్) తీసుకునే ముందు అడగండి, ఆ గ్రేవీ చాలాచోట్ల మాంసం స్టాక్‌తోనే చేస్తారు. టికెట్ ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపి డబ్బులు అడిగితే ఇవ్వకండి, యాప్‌లో మీ ఫోన్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యాకే ఇవ్వండి. ఆట ఉన్న రోజుల్లో సిటీ బస్సుల సంస్థ ఓసీ ట్రాన్స్‌పో ప్రత్యేక బస్సులు వేస్తుంది, మీకింకా వింటర్ టైర్లు లేకపోతే బస్సే మేలు. సీజన్ వాటా సంగతి మీ ఆఫీసు వాళ్ళకి "వచ్చే ఏడాది చూద్దాం, ఈలోగా ఎవరైనా వెళ్ళలేని మ్యాచ్ ఉంటే నాకు అమ్మండి" అని చెప్పండి. జనవరి, ఫిబ్రవరుల్లో అలాంటివి బోలెడు దొరుకుతాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఏజెంట్‌కి ఇప్పుడే వద్దని చెప్పేశాను, కనాటాలోనే అద్దెకి చూస్తున్నాం. వాటా కూడా ఈ ఏడాదికి వద్దు. ఆఫీసులో ఒకావిడ వచ్చే బుధవారం మ్యాచ్‌కి వెళ్ళలేనంటే ఆవిడ రెండు టికెట్లు నేను తీసుకున్నాను. బాబుకి మూడేళ్ళు, వాడికి కూడా టికెట్ కావాలా, ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చా?

జవాబు (స్టిట్స్‌విల్ నుంచి)

మూడేళ్ళ పిల్లాణ్ణి మూడు పీరియడ్లు ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మీవల్ల కాదండీ, ఎలాగైనా వాడికో సీటు చూసుకోండి. వయసు నిబంధన మాత్రం కొనేముందు టికెట్ ఆఫీసులో కనుక్కోండి. మా ఇంట్లో చిన్న సైజు ఇయర్ మఫ్స్ ఒక జత ఉన్నాయి, మా వాడికి బిగుతైపోయాయి. ఆదివారం ఈ వైపు వస్తే తీసుకెళ్ళండి.