"పాపం అనిపించింది సార్": టామ్ రాబిన్సన్ జవాబుకు తెలుగులో ఏ మాట?

ప్రశ్న:
ఇంటర్ పిల్లలతో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' చదువుతున్నాం. హార్పర్ లీ నవల, 1960లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ అందుకుంది. ముఖ్యమైన చోట్లను పిల్లలే తెలుగు చేసి తెస్తున్నారు. 19వ అధ్యాయంలో ఒక మాట దగ్గర ఆగిపోయాం.

చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1930లలో అలబామాలో ఒక చిన్న ఊరు. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ అత్యాచారం చేశాడని మయెల్లా యూయెల్ అనే తెల్ల అమ్మాయి ఆరోపిస్తుంది. టామ్ తరఫు లాయరు ఆటికస్ ఫించ్. మయెల్లాకు దెబ్బలు ముఖం కుడివైపు తగిలాయి. టామ్ ఎడమచెయ్యేమో చిన్నప్పుడే పత్తి జిన్నులో పడి చచ్చుబడిపోయింది. ఎడమచేతివాటం ఉన్నది ఆ పిల్ల తండ్రికి. ఇదంతా కోర్టులో తేలిపోయాక ప్రాసిక్యూటర్ గిల్మర్ లేచి, పైసా తీసుకోకుండా ఆ ఇంటి పనులు ఎందుకు చేసిపెట్టావని టామ్‌ని నిలదీస్తాడు. ఆ అమ్మాయిని చూస్తే జాలేసిందని టామ్ చెబుతాడు (ఇంగ్లీషులో మాట "sorry"). గిల్మర్ ఆ ఒక్క మాటా పట్టుకుని రెట్టిస్తాడు. కోర్టు హాల్లో కూర్చున్న తెల్లవాళ్లెవరికీ ఆ జవాబు మింగుడుపడదు.

పిల్లలు మూడు రకాలుగా రాసుకొచ్చారు: "జాలేసింది", "సానుభూతి కలిగింది", "పాపం అనిపించింది". ఏది ఉంచమంటారు?

తెలుగు పండితులొకరు:
సానుభూతిని ముందు పక్కన పెట్టండి మేడమ్. అది ఇప్పుడు పేపర్లో "ప్రగాఢ సానుభూతి"కీ, ఎన్నికల్లో "సానుభూతి ఓట్లు"కీ అంకితమైపోయింది. బోనులో నిలబడ్డ కూలీ నోట అది రాదు. జాలి ఉంచండి. జాలి వాలు చూసి పారుతుంది, పైనున్నవాడి నుంచి కిందివాడికి. పాలేరు దొరగారి మీద జాలిపడ్డాడని వింటే దొరగారు ఊరుకుంటారా? గిల్మర్ గిల్లింది సరిగ్గా అక్కడే.

ఒక సభ్యురాలు:
మరి సహానుభూతి? అందులో ఎక్కువ తక్కువల గొడవ లేదుగా.

ప్రశ్న అడిగినవారు:
వ్యాసంలో బాగుంటుందండీ, నోట్లో నలగదు. పైగా ఎక్కువ తక్కువలు ఉండాలి కదా, గొడవంతా వాటి గురించే.

నా మనసు "పాపం" మీద ఉంది. క్లాసులో గిల్మర్ వేషం వేసిన అబ్బాయి "పాపమా? నీకా? ఆవిణ్ణి చూస్తేనా?" అని సాగదీసి చదివాడు. వెంటనే వెనక బెంచీ అమ్మాయి "మేడమ్, ఇది ఏ పాపం?" అని అడిగింది. అక్కడి నుంచి చర్చ ఎవరూ ఆపలేనట్టు సాగింది. చెయ్యని నేరానికి బోనెక్కినవాడు అక్కడ నిజంగా చేసిన "తప్పు" ఇదొక్కటే: తెల్లమనిషిని చూసి అయ్యో అనుకోవడం. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లు, అందరూ మగవాళ్లు. సాక్ష్యం వాళ్ల చెవిన పడలేదని కాదు, ఈ మాట అంతకంటే గట్టిగా వినపడింది.

తెలుగు పండితులు:
బాగుంది కానీ, మూలంలో లేని శ్లేష పెట్టే హక్కు మనకెక్కడిది? హార్పర్ లీ తేలిక మాట వాడారు. మీరు దానికి బరువు కడుతున్నారు.

ప్రశ్న అడిగినవారు:
బరువు కట్టింది గిల్మర్ మాస్టారూ, నేను కాదు! అయినా మీ అభ్యంతరం న్యాయమైనదే. టామ్ నోట తేలిగ్గానే పలికించాలి.

ఇంకో సభ్యుడు:
ఇదే నవల్లో ఆటికస్ కూతురు స్కౌట్‌తో, ఎదుటివాడి చర్మంలో దూరి తిరిగి చూస్తే గానీ వాడు అర్థం కాడంటాడుగా. మనకు "పరకాయ ప్రవేశం" రెడీగా ఉంది.

ప్రశ్న అడిగినవారు:
పిల్లలూ అదే అన్నారు. కానీ మన కథల్లో పరకాయంలో దూరేది తన పని చక్కబెట్టుకోవడానికి. ఇక్కడ అవతలివాడి కష్టం తెలియడానికి. "వాళ్ల చోట ఉండి చూడు" అని సాదాగా రాసి వదిలేశాం.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నవి పిలుపులు. గిల్మర్ టామ్‌ని మాటిమాటికీ "బాయ్" అని పిలిచే తీరు చూసి డిల్ అనే పిల్లాడు ఏడుస్తూ కోర్టు బయటికి వచ్చేస్తాడు. ఓదార్చబోయిన స్కౌట్ "ఎంతైనా అతను నీగ్రోనే కదా" అనేస్తుంది. ఆటికస్ కూతురే! అటు మయెల్లాకేమో ఆటికస్ "మీరు", "అమ్మా" అన్నట్టు మర్యాదగా మాట్లాడితే వెక్కిరింపులా తోస్తుంది. పంతొమ్మిదేళ్లు దాటినా ఆ పిల్లను ఎవరూ అలా పిలిచిన పాపాన పోలేదు. "మీరు" అంటే ఉలిక్కిపడే మనుషులు మన ఊళ్లలోనూ ఉన్నారని పిల్లలే అన్నారు, నేను చెప్పకుండానే. గిల్మర్‌కి మాత్రం "ఏరా" పెట్టాను.

సభ్యురాలు:
ఏరా స్నేహితులూ అనుకుంటారు కదండీ, చనువులా వినపడదూ?

ప్రశ్న అడిగినవారు:
టామ్‌కు పాతికేళ్లు, పెళ్లయి ముగ్గురు పిల్లలు. ముందు ఆ సంగతి చెప్పి చదివిస్తున్నాను. అప్పుడు చనువులా వినపడట్లేదు.