టెక్సస్‌కు మారుతున్నాము: ఆస్టినా, ఫ్రిస్కోనా? ఊరి రాజకీయాలను ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలి?

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ నుంచి)

నా భార్య అమెరికా పౌరురాలు, నాది గ్రీన్‌కార్డు. ఆమె పనిచేసే సంస్థ టెక్సస్‌కు తరలిపోతున్నది. డాలస్ శాఖ, ఆస్టిన్ శాఖ, రెండింటిలో ఏదైనా ఎంచుకోవచ్చునని చెప్పారు. బంధువులందరూ డాలస్ శివారులోని ఫ్రిస్కో పేరే చెబుతున్నారు. కార్యసిద్ధి హనుమాన్ ఆలయం, మన కిరాణా దుకాణాలు, సంగీతం, నాట్యం నేర్పే గురువులు అన్నీ అక్కడ అందుబాటులో ఉన్నాయన్నది నిజమే. అయితే అబార్షన్, తుపాకులు, బడిలో మతం వంటి విషయాలలో మా ఇద్దరి అభిప్రాయాలు ఆ రాష్ట్ర పాలకుల అభిప్రాయాలకు పూర్తిగా ఎదురు. మా అమ్మాయి మూడో తరగతి చదువుతున్నది, రెండో బిడ్డ కోసం కూడా ఆలోచిస్తున్నాము. ఆస్టిన్ డెమొక్రాట్ల నగరం కనుక అక్కడ ఉంటే ఈ ఇబ్బంది తప్పుతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఆస్టిన్ నుంచి)

తప్పదండీ. మీరు పేర్కొన్న చట్టాలేవీ నగరం చేసినవి కావు, నగరం మార్చగలిగినవీ కావు. అబార్షన్‌పై దాదాపు పూర్తి నిషేధం 2022 ఆగస్టు 25 నుంచి ఆస్టిన్‌లో ఎలా అమలవుతున్నదో ఫ్రిస్కోలోనూ అలాగే అమలవుతున్నది. తల్లి ప్రాణానికి లేదా ముఖ్యమైన శరీర వ్యవస్థకు తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడే మినహాయింపు. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి అనుమతించే 2021 చట్టం కూడా రాష్ట్రమంతటికీ ఒక్కటే.

నగరం తనంతట తాను ఏదైనా నిబంధన పెట్టుకుంటే రాష్ట్రం దానిని కొట్టివేయడం ఇక్కడ కొత్త కాదు. ఊబర్, లిఫ్ట్ డ్రైవర్ల నుంచి వేలిముద్రలు తీసుకోవాలన్న నియమాన్ని నిలబెట్టుకుంటూ 2016లో ఆస్టిన్ ఓటర్లు తీర్పు ఇచ్చారు. ఆ రెండు సంస్థలూ ఊరు విడిచి వెళ్లిపోయాయి. మరుసటి ఏడాది శాసనసభ ఆ అధికారాన్ని తన చేతిలోకి తీసుకోగానే తిరిగి వచ్చాయి. డెంటన్ ఓటర్లు 2014లో తమ ఊళ్లో ఫ్రాకింగ్‌ను (నేల లోపలి రాతిని పగలగొట్టి చమురు, గ్యాసు తీసే పద్ధతిని) నిషేధిస్తే, నగరాలకు ఆ హక్కు లేదని 2015లో రాష్ట్రం చట్టమే చేసింది. కాబట్టి ఆస్టిన్‌లో మీకు దొరికేది మీలా ఆలోచించే ఇరుగుపొరుగు మాత్రమే, వేరే చట్టం కాదు.

రెండో బిడ్డ విషయంలో మాత్రం ఏ ఊరైనా ముందుగానే ప్రసూతి వైద్యురాలితో మాట్లాడండి. గర్భం నిలవకపోయినా, నెలలు నిండకముందే ఉమ్మనీరు పోయినా తమ ఆసుపత్రి ఏ పద్ధతి పాటిస్తుందో సూటిగా అడగండి. వైద్యులకు ఉన్న మినహాయింపును స్పష్టం చేస్తూ 2025లో సవరణ వచ్చింది కానీ, నిషేధం తొలగలేదు.

జవాబు (ఫ్రిస్కో నుంచి)

పై జవాబుతో ఏకీభవిస్తూ, ఇంకో మెట్టు కిందికి దిగి చూడమంటాను. మీ అమ్మాయి రోజువారీ జీవితాన్ని తాకేది గవర్నరు కంటే స్థానిక బడులను నడిపే స్కూల్ బోర్డు. బడి గ్రంథాలయంలో ఏ పుస్తకాలు ఉండాలన్న విషయంలో 2025 చట్టం బోర్డుల అధికారాన్ని మరింత పెంచింది. తరగతి గదుల్లో బైబిలులోని పది ఆజ్ఞల పటం పెట్టాలన్న చట్టమూ అదే ఏడాదిది. దానిపై వ్యాజ్యాలు నడిచాయి. ఇంటి చిరునామా ఫ్రిస్కో అయినంత మాత్రాన బడి ఫ్రిస్కో విద్యా జిల్లాదే కానవసరం లేదు. ఊరిలో కొన్ని భాగాలు ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ విద్యా జిల్లాల్లోకి వస్తాయి. ఇల్లు చూసే ముందు ఆ జిల్లా బోర్డు సమావేశాల వీడియోలు రెండు మూడు చూడండి. ఏజెంటు చెప్పని సంగతులు అక్కడ తెలుస్తాయి.

పన్నుల గురించి ఒక్క మాట: ఆదాయంపై రాష్ట్ర పన్ను లేదు, ఇంటి పన్ను మాత్రం న్యూజెర్సీ నుంచి వచ్చేవారికి కూడా తేలికగా అనిపించదు.

ఇరుగుపొరుగుతో ఇబ్బంది పడతామేమోనన్న భయం అనవసరమని నా అభిప్రాయం. ఉగాది విందుల్లో ట్రంప్ పేరు మీద ఎవరూ గొంతు పెంచగా నేను చూడలేదు. జగన్, చంద్రబాబుల పేర్ల మీద మాటలు ఆగిపోయిన స్నేహితులు మాత్రం ఉన్నారు.

జవాబు (ఆస్టిన్ పక్కనున్న రౌండ్ రాక్ నుంచి)

ఇరుగుపొరుగు "మాత్రమే" అన్న మాటను నేను ఒప్పుకోలేను. 2023 మే 6న డాలస్ దగ్గరి ఆలెన్‌లోని మాల్‌లో జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. వారిలో మన తెలుగు అమ్మాయి కూడా ఉంది. అప్పుడు మేము ఆ దగ్గరలోనే ఉండేవాళ్లము. తుపాకుల చట్టం గురించి మనసు విప్పి మాట్లాడుకోవడానికి పక్కన ఒక్క కుటుంబమూ లేకపోవడం చట్టం కంటే ఎక్కువ బాధించింది. ఇటు మారడానికి అది ముఖ్య కారణం.

అయితే ఊరి రాజకీయ రంగు చూసి ముప్పై ఏళ్ల అప్పు మీద ఇల్లు కొనవద్దు. మా విలియమ్‌సన్ కౌంటీలో 2020లో స్వల్ప ఆధిక్యంతో గెలిచింది బైడెన్, 2024లో గెలిచింది ట్రంప్. ముందు ఒక ఏడాది అద్దెకు ఉండి చూడడం మంచిది.

జవాబు (ప్లేనో నుంచి)

మీ భార్యకు ఓటు ఉన్నది కనుక ఇది చెబుతున్నాను. టెక్సస్‌లో ఓటరు నమోదులో పార్టీ పేరు ఉండదు. మార్చిలో జరిగే ప్రైమరీలో (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ఎవరైనా తమకు నచ్చిన ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. రిపబ్లికన్లే గెలిచే స్థానాలలో అసలు పోటీ అక్కడే తేలుతుంది కాబట్టి, డెమొక్రాట్ అభిమానులైన నా మిత్రులు కొందరు రిపబ్లికన్ ప్రైమరీలోనే ఓటు వేసి, తమకు తక్కువ అభ్యంతరకరమైన అభ్యర్థిని బలపరుస్తారు. కొందరికి అది నచ్చదు, నాకు మాత్రం తప్పుగా తోచదు. ఎన్నికకు ముప్పై రోజుల ముందే నమోదు పూర్తి కావాలి, న్యూజెర్సీ నమోదు ఇక్కడ చెల్లదు.

మీకు ఓటు లేకపోయినా, స్కూల్ బోర్డు సమావేశంలో ఎజెండాలోని అంశంపై మాట్లాడే అవకాశం ప్రజలెవరికైనా ఇవ్వాలని 2019 నుంచి రాష్ట్ర చట్టమే చెబుతున్నది. పేరు ముందుగా ఎప్పుడు నమోదు చేయించుకోవాలో ఒక్కో జిల్లాకు ఒక్కో నియమం ఉంటుంది. ఆ జిల్లా వెబ్‌సైటులో చూసుకోండి.