ఎస్టీమ్ జి13బిబి ఇంజిన్‌ను 8000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా నమ్మకంగా తిప్పాలంటే ముందు దేనిమీద ఖర్చు పెట్టాలి?

ప్రశ్న (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా మారుతి ఎస్టీమ్ కారుతో చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో క్లబ్ స్థాయి పందేలలో పాల్గొంటున్నాము. ఇంజిన్ 1298 సీసీ, 16 వాల్వుల జి13బిబి. లోపలి భాగాలన్నీ కంపెనీవే. పోయిన సీజన్ చివర మూడో సిలిండర్ బిగ్ ఎండ్ బేరింగ్ (పిస్టన్ రాడ్ క్రాంక్‌ను పట్టుకునే చోటి బేరింగ్) పోయింది. ఆయిల్ పాన్ విప్పి చూస్తే షెల్ (బేరింగ్ రేకు) పై పూత పూర్తిగా చెదిరి లోపలి రాగి రంగు బయటపడింది, పాన్ అడుగున మెరిసే పొడి పేరుకుంది. క్రాంక్‌ను గ్రైండింగ్ చేయించవచ్చునని బోరింగ్ షాపువారు చెప్పారు. ఇంజిన్ ఎలాగూ దించాము కనుక పెద్ద క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) వేసి, లిమిటర్‌ను (ఇంజిన్ వేగానికి హద్దు పెట్టే ఏర్పాటు) 6800 నుంచి 8000కు పెంచాలని ఆలోచన. ఫోర్జ్‌డ్ (ఒత్తిడితో గట్టిపరచిన లోహపు) పిస్టన్లు, రాడ్లు, వాల్వు స్ప్రింగులు, ఆయిల్ పాన్ పని అన్నీ ఒకేసారి చేయించే స్తోమత లేదు. ఏది ముందో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు (విజయవాడ ఆటోనగర్)

క్యామ్ సంగతి తరువాత చూద్దామండి. ముందు మీరు అడుగుతున్న వేగం ఆ భాగాలపై ఎంత భారం వేస్తుందో చూడండి. జి13బిబి బోరు (సిలిండర్ వ్యాసం) 74 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75.5 మి.మీ. కాబట్టి 8000 వద్ద సగటు పిస్టన్ వేగం సెకనుకు దాదాపు 20 మీటర్లు వస్తుంది. ఈ అంకె ఒక్కటే చూస్తే భయపడనక్కరలేదు. హోండా ఎస్2000లోని తొలి 2 లీటర్ల ఇంజిన్ 84 మి.మీ. స్ట్రోకుతో 9000 వద్ద 25 మీటర్లు దాటేది. అయితే ఆ ఇంజిన్‌ను ఆ వేగం కోసమే, ఫోర్జ్‌డ్ పిస్టన్లతో తయారుచేశారు.

అసలు ప్రమాదం రాడ్ కింది క్యాప్‌ను బిగించే రాడ్ బోల్టుల వద్ద ఉంది. పిస్టన్ పైకి వెళ్లి ఆగి వెనక్కి తిరిగేటప్పుడు పుట్టే లాగుడు ఆర్‌పీఎం వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది. పిస్టన్, పిన్ను, రాడ్ పైభాగం కలిపి 400 గ్రాములనుకుంటే, 6500 వద్ద ఆ లాగుడు సుమారు 930 కిలోల బరువుతో సమానం. 8000 వద్ద అది 1400 దాటుతుంది. ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర పిస్టన్‌ను పైనుంచి నొక్కే దహన పీడనం ఉండదు కనుక ఆ లాగుడంతా బోల్టుల మీదే పడుతుంది. అందుచేత ఫోర్జ్‌డ్ పిస్టన్ల కంటే ముందు మంచి రాడ్ బోల్టులు కొనండి. వాటిని మార్చాక క్యాప్ బిగించి బిగ్ ఎండ్ గుండ్రదనాన్ని కొలిపించి, అవసరమైన చోట హోనింగ్ (రాపిడి రాళ్లతో సానపట్టడం) చేయించాలి. పాత రంధ్రంలో కొత్త బోల్టు దూర్చి సరిపెట్టుకోకూడదు.

జవాబు (కోయంబత్తూరు)

పై మాటతో ఏకీభవిస్తున్నాను, కానీ మీ బేరింగ్ పోయింది ఆర్‌పీఎం వల్లనే అనుకోవడం తొందరపాటవుతుంది. అధిక వేగంతో తీసుకునే పొడవాటి మలుపులో ఆయిలంతా పాన్‌లో ఒక పక్కకు చేరి, పంపు ఆయిల్ పీల్చే గొట్టం (పికప్) నోరు తేలి, పంపు గాలిని లాగితే, రెండు మూడు సెకన్లు చాలు. మీ కారులో ఆయిల్ ప్రెషర్ సెన్సార్ ఉందా? ఉంటే దాన్ని ఆర్‌పీఎంతోనూ పక్కబలంతోనూ కలిపి రికార్డు చేయించండి. నేరుగా వెళ్లేటప్పుడు ప్రెషర్ నిలకడగా ఉండి మలుపులో పడిపోతుంటే దోషం పాన్‌లోనే ఉన్నట్టు. పికప్ చుట్టూ తలుపుల బాఫిల్ (ఆయిల్ పక్కకు జారకుండా ఆపే అడ్డురేకు), క్రాంక్ కింద ఆయిల్ చిమ్మకుండా ఒక రేకు వేయిస్తే, ఈ జాబితాలో అన్నిటికంటే చవకగా అన్నిటికంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

గ్రైండింగ్ తరువాత బేరింగ్ క్లియరెన్సును ప్లాస్టీగేజ్‌తో (నలిగిన వెడల్పును బట్టి ఖాళీ చూపే మెత్తని తీగ) సరిపెట్టకుండా మైక్రోమీటర్, బోర్ గేజ్‌లతో ప్రతి జర్నల్‌కూ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) కొలిపించి కాగితం మీద రాయించుకోండి. జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు అన్నది పాత లెక్కే అయినా మొదలుపెట్టడానికి మంచి లెక్క. ప్రెషర్ విషయంలో ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉండాలనే వాడుక కూడా అలాంటిదే.

జవాబు (పుణె)

వాల్వుల సంగతి ఎవరూ ఎత్తలేదు. రాకర్ ఆర్ములున్న ఈ హెడ్‌లో కంపెనీ స్ప్రింగులు క్యామ్ వాలును అనుసరించలేక వాల్వు తేలిపోతే, పవర్ పడిపోవడంతో ఆగదు. వాల్వు పిస్టన్‌ను తాకే ప్రమాదం ఉంది. గట్టి స్ప్రింగ్ వేసినప్పుడు పూర్తి లిఫ్ట్ వద్ద చుట్లు ఒకదానికొకటి ఆనుకోకుండా ఖాళీ మిగలాలి. కొత్త క్యామ్‌తో పిస్టన్ మీద బంకమట్టి పెట్టి, చేత్తో రెండు చుట్లు తిప్పి, ఆ మట్టిని కోసి మందం కొలవండి: ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. కంటే తగ్గితే ఆ క్యామ్‌తో ఇంజిన్‌ను స్టార్ట్ చేయవద్దు. మీరు నాలుగో గేరు నుంచి మూడుకు బదులు పొరపాటున రెండుకు దించినప్పుడు లిమిటర్ కాపాడదని కూడా గుర్తుంచుకోండి. చక్రాలే ఇంజిన్‌ను తిప్పేస్తాయి. కనుక వాల్వుల దగ్గర మిగిలే ఖాళీని ఆ సందర్భం కోసమే ఉంచాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సెన్సార్ లేదు, ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక దీపం మాత్రమే ఉంది. డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) కాగితం తీసి చూశాను: పవర్ 6400 వద్ద శిఖరానికి చేరి, 6800కల్లా స్పష్టంగా దిగుతోంది.

జవాబు (విజయవాడ ఆటోనగర్)

అయితే 8000 ఇప్పుడు మీకు అక్కరలేదండి. ఇన్‌టేక్, పోర్టులు, క్యామ్ కలిసి గాలిని అంతవరకు అందించనప్పుడు పైన తిప్పడం వల్ల బేరింగులకు అరుగుదల తప్ప ల్యాప్ సమయానికి ఒరిగేదేమీ లేదు. ఈ సీజన్‌కు క్రాంక్ గ్రైండింగ్, కొత్త షెల్స్, రాడ్ బోల్టులు, బాఫిల్, ప్రెషర్ సెన్సార్, తాజా స్ప్రింగులు వేసి, లిమిటర్‌ను 7000 వద్ద ఉంచండి. ప్రతి గేరుకూ చక్రాల దగ్గరి టార్క్ లెక్కగట్టి, తదుపరి గేరులో ఎక్కువ వచ్చే చోటే మార్చండి. క్యామ్‌కు పెట్టాలనుకున్న డబ్బు హెడ్ ఫ్లో పనికి దాచుకుంటే, వచ్చే ఏడాది ఆ రెండూ కలిపి చేయించవచ్చు. మొదటి పందెం కాగానే ఆయిల్ ఫిల్టర్‌ను కోసి లోపలి కాగితాన్ని విప్పి చూసి, ఫొటో ఇక్కడ పెట్టండి.