48 అంగుళాల ఎక్స్‌ట్రా 300కి ఏ సర్వోలు వేయాలి?

పర్లాకిమిడి_బాల్సా:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బాల్సా, ప్లైతో 48 అంగుళాల రెక్కల ఎక్స్‌ట్రా 300 ఆర్‌సీ (రేడియోతో నడిపే) మోడల్ విమానం కడుతున్నాను. ఫ్రేమ్ అయిపోయింది, కవరింగ్ మిగిలింది. బ్యాటరీ 4ఎస్ (నాలుగు సెల్స్) 2200 ఎంఏహెచ్, మొత్తం బరువు 1.3 కేజీల దగ్గర ఆగుతుందని అంచనా. ఇప్పటిదాకా ఫోమ్ ట్రైనర్ మాత్రమే ఎగరేశాను, దానికి ఎస్‌జీ90 సర్వోలు (రెక్క, తోక పలకల్ని కదిపే బుల్లి మోటర్లు) సరిపోయాయి. దీంతో లూపులు, రోల్స్ దగ్గర ఆగకుండా నైఫ్ ఎడ్జ్ (పక్కకి ఒరిగి ఎగరడం), హారియర్ (ముక్కు పైకెత్తి నెమ్మదిగా వెళ్లడం), కుదిరితే హోవర్ (ముక్కు ఆకాశానికి పెట్టి ఒకేచోట నిలవడం) దాకా వెళ్లాలని ఉంది. రెక్కల మీది ఐలరాన్లకు రెండు, తోకలో పైకీ కిందకీ కదిలే ఎలివేటర్‌కి ఒకటి, పక్కలకి కదిలే రడ్డర్‌కి ఒకటి, మొత్తం నాలుగు సర్వోలు కావాలి. ఒక షాపు వాళ్లు ఎంజీ90ఎస్ చాలంటున్నారు, ఇంకొకరేమో ఎంజీ996ఆర్ వేసెయ్, 10 కేజీల టార్క్ (తిప్పే బలం), ఇక చూసుకోనక్కర్లేదు అంటున్నారు. టార్క్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదా? డిజిటలే కొనాలా? వైజాగ్ నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించుకోవాలి, తేడా వస్తే వెనక్కి పంపడం పెద్ద పని, అందుకే కొనకముందే అడుగుతున్నాను. ఎగరేసేది ఊరి బయట వరి పొలాల్లో, కోతలయ్యాక.

సునాబెడ_ఫ్లయర్:
తమ్ముడూ, ముందు ఎంజీ996ఆర్ సంగతి. ఒక్కోటి 55 గ్రాములు. నాలుగు కలిస్తే 220, అంటే నీ విమానం బరువులో ఆరో వంతు సర్వోలకే పోతుంది. పైగా 4.8 వోల్టుల మీద 60 డిగ్రీలు తిరగడానికి 0.17 సెకన్లు తీసుకుంటుంది, హోవర్‌లో క్షణక్షణం సరిదిద్దుకోవాల్సిన చోట అది నెమ్మది. 48 అంగుళాల రెక్కలో అది పట్టడం కూడా కష్టమే. దాన్ని వదిలెయ్.

అసలు ఎంత టార్క్ కావాలో లెక్క వేసుకోవచ్చు. కంట్రోల్ సర్ఫేస్ (ఐలరాన్, రడ్డర్ లాంటి కదిలే పలక) మీద గాలి వేసే భారం దాని పొడవును బట్టి పెరుగుతుంది, వెడల్పుకి వర్గంలో పెరుగుతుంది, వేగానికీ వర్గంలోనే పెరుగుతుంది. ఐలరాన్ 45 సెం.మీ. పొడవు, సగటున 6 సెం.మీ. వెడల్పు, వేగం గంటకు 100 కి.మీ., కదలిక 35 డిగ్రీలు, దానికి సర్వో 45 డిగ్రీలు తిరుగుతుంది అనుకుందాం. సర్వో మీద పడేది దాదాపు 1.5 కేజీ-సెం.మీ. (షాపులో ఉత్త కేజీలు అనేది ఇదే). అదే ఐలరాన్ వెడల్పు 8 సెం.మీ. అయితే 2.7 అవుతుంది. రడ్డర్ పొడవు తక్కువ కదా అని చిన్న సర్వో వేసేస్తుంటారు, కానీ దాని వెడల్పు ఎక్కువ, ఆ వర్గం లెక్కలో మొత్తం మారిపోతుంది. నీ నాలుగింటిలో గట్టి సర్వో వెళ్లాల్సింది రడ్డర్‌కే.

ఇక లింకేజ్, అంటే సర్వోని సర్ఫేస్‌తో కలిపే ఏర్పాటు. సర్వో 45 డిగ్రీలు తిరిగి ఐలరాన్‌ని 35 కదిపితే ఆ 1.5 సరిపోతుంది. అదే పొడుగు సర్వో ఆర్మ్ (సర్వో మీది చెయ్యి) పెట్టి, రేడియోలో ఎండ్ పాయింట్ (సర్వో తిరిగే హద్దు) తగ్గించేసి, సర్వో 25 డిగ్రీలే తిరిగి అదే 35 వచ్చేలా చేశావనుకో, 3.2 దాటుతుంది. సర్వో మారలేదు, విమానం మారలేదు, భారం మాత్రం రెట్టింపు దాటింది, సర్వోలో ఉన్న లూజ్ కూడా అంతకంత ఐలరాన్ అంచున కనపడుతుంది. కాబట్టి ముందు హార్న్ (సర్ఫేస్‌కి బిగించే కొమ్ము) పొడవుగా, ఆర్మ్ పొట్టిగా పెట్టుకుని, కావలసిన కదలిక వచ్చేదాకా సర్దుకో. రేడియోలో ట్రావెల్ 100 శాతం పైనే ఉండనీ.

బరంపురం_గాలిమర:
పై లెక్కతో ఏకీభవిస్తున్నా, కానీ కాగితం మీది టార్క్ చూసి కొనడం నాకు ఇష్టం ఉండదు. ఎంజీ90ఎస్‌కి 6 వోల్టుల మీద 2.2 కేజీలు అని రాస్తారు, హైటెక్ హెచ్ఎస్-65ఎంజీకీ 2.2 అనే ఉంటుంది. ధర తేడా మాత్రం చాలా ఎక్కువ. ఆ డబ్బు టార్క్‌కి కాదు, సెంటరింగ్‌కి. స్టిక్ వదిలాక కుడి నుంచి వచ్చినా ఎడమ నుంచి వచ్చినా ఆర్మ్ ఒకే చోట ఆగాలి. ఆగకపోతే ప్రతి రోల్ తర్వాత విమానం ఒక్కో పక్కకి లాగుతుంది, నువ్వు ట్రిమ్ చేస్తూనే (తిన్నగా పోయేలా సర్దుతూనే) ఉంటావు, ట్రిమ్ దొరకదు. ఏరోబాటిక్స్ నేర్చుకునేవాడికి ఇంతకంటే చిరాకు పుట్టించేది ఇంకోటి లేదు. ఎంజీ90ఎస్ పేరుతో వచ్చే నకళ్లు కూడా ఎక్కువ.

పార్సెల్ రాగానే, విమానంలో బిగించకముందే ఇలా చూడు. ఆర్మ్‌కి 20 సెం.మీ. సన్నని పుల్ల టేపుతో అంటించి, కింద కాగితం పెట్టి, స్టిక్ రెండు వైపుల నుంచీ వదులుతూ పుల్ల కొన ఆగిన చోట గీత పెట్టు. ఒక డిగ్రీ తేడా ఉంటే కొన దగ్గర 3.5 మి.మీ. జరుగుతుంది, కంటికే కనిపిస్తుంది. అలా జరిగితే వెంటనే వెనక్కి పంపెయ్.

డిజిటల్ అయితే మోటర్‌కి సెకనుకి ఎక్కువసార్లు ఆదేశం అందుతుంది, గాలి తోసినా సర్ఫేస్ గట్టిగా నిలబడుతుంది. కరెంట్ కూడా ఎక్కువే తాగుతుంది. నీ సైజుకి మంచి అనలాగ్ అయినా సరే, చవక డిజిటల్ మాత్రం వద్దు. గేర్లు మెటల్‌వే తీసుకో, కోసిన పొలంలో మోళ్లకి ఐలరాన్ తగిలిందంటే నైలాన్ పళ్లు మిగలవు. మెటల్ గేర్లు అరిగి లూజ్ పెరుగుతాయి, అప్పుడప్పుడూ సర్ఫేస్‌ని వేళ్లతో కదిపి చూడాలి, ఆ లూజ్‌తో వేగంగా డైవ్ చేస్తే ఫ్లట్టర్ (సర్ఫేస్ గడగడా వణకడం) వచ్చి ఐలరాన్ ఊడిపోవచ్చు.

ఇంకో మాట, ఎప్పుడైనా ఇటువైపు వస్తే గోపాలపూర్ తీరంలో ఎగరేయకు, అక్కడ ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. మీ పొలం ఏ జోన్‌లో పడుతుందో కూడా ప్రభుత్వ డిజిటల్ స్కై డ్రోన్ మ్యాప్‌లో ఒకసారి చూసుకో.

రాయగడ_4ఎస్:
కరెంట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు బ్రదర్. మీ ఈఎస్‌సీలో (మోటర్ వేగం నడిపే బోర్డులో) ఉన్న బీఈసీ (రిసీవర్‌కీ సర్వోలకీ కరెంట్ ఇచ్చే భాగం) లీనియర్ రకమా, స్విచింగ్ రకమా చూడండి. లీనియర్ అయితే 4ఎస్‌లోని దాదాపు 15 వోల్టుల్ని 5కి దించడానికి మిగతాదంతా వేడిగా వదిలేస్తుంది. సర్వోలు 2 ఆంపియర్లు లాగితే 20 వాట్ల వేడి, అదీ మన ఎండల్లో, మూసిన ఫ్యూజలాజ్ లోపల. నాలుగు సర్వోలూ ఒక్కసారి గట్టిగా కదిలితే వోల్టేజ్ పడిపోయి రిసీవర్ రీస్టార్ట్ అవుతుంది. ఆ లోపు విమానం నేల మీద ఉంటుంది. 5 ఆంపియర్లకు తగ్గని విడి స్విచింగ్ బీఈసీ పెట్టి 6 వోల్టులకు సెట్ చేయండి. ఈఎస్‌సీ ప్లగ్‌లో ఎర్ర వైరు పిన్ను తీసి ఇన్సులేట్ చేయడం మరవద్దు.

పర్లాకిమిడి_బాల్సా:
చాలా థాంక్స్ అన్నా, అందరికీ. ఇప్పుడే కొలిచాను, ఐలరాన్ సగటున 6.5 సెం.మీ. ఉంది, రడ్డర్ కింద 13. అయితే ఐలరాన్లకు హెచ్ఎస్-65ఎంజీ, ఎలివేటర్‌కీ రడ్డర్‌కీ హెచ్ఎస్-85ఎంజీ అనుకుంటున్నా. సరేనా? పాత సర్వోల ఆర్మ్‌లు ఉన్నాయి, అవి వాడుకోవచ్చా?

సునాబెడ_ఫ్లయర్:
సరైన ఎంపిక. 85ఎంజీ 22 గ్రాములే, 6 వోల్టుల మీద 3.5 కేజీలు ఇస్తుంది. రడ్డర్‌తో ఫుల్ థ్రాటిల్‌లో పూర్తి కదలిక మాత్రం ఇవ్వకు, నైఫ్ ఎడ్జ్‌లో వేగం తగ్గించే వాడు. పాత ఆర్మ్‌లు వద్దు. ఒక్కో కంపెనీ షాఫ్ట్‌కి పళ్ల లెక్క వేరు, స్టాండర్డ్ సైజులో ఫుటాబాకి 25, హైటెక్‌కి 24, జేఆర్‌కి 23. వేరేది నొక్కి పెడితే పట్టినట్టే ఉంటుంది, గాలిలో జారుతుంది. సర్వోతో వచ్చిన ఆర్మ్‌లే పెట్టి, మధ్య స్క్రూ బిగించాకే పుష్‌రాడ్ (ఆర్మ్‌నీ హార్న్‌నీ కలిపే కడ్డీ) కలుపు.